గడప దాటని దుమ్ము

హౌతలా వాళ్ళ ఇంట్లో గ్యారేజీ బట్టలు గడప దాటి లోపలికి రాకూడదు. ఆ నియమం పెట్టింది ఎల్డన్ తల్లి హిల్మా. ఆవిడ పోయి పదకొండేళ్ళయినా ఆ ఇంట్లో ఇంకా ఆవిడ మాటే చెల్లుతోంది. ఎల్డన్, అతని తండ్రి టౌనో, ఇద్దరూ బ్రేకులూ క్లచ్చులూ బాగుచేసే మెకానిక్కులు. సాయంత్రం పని ముగించుకుని వస్తే ముందు పెరట్లో ఉన్న సౌనాకి, అంటే ఆవిరి స్నానాల కొట్టానికి, వెళ్ళాలి. సౌనాకి రెండు గదులు. లోపలిది రాళ్ళ పొయ్యి ఉన్న ఆవిరి గది, బయటిది బట్టలు మార్చుకునే గది. ఆ బయటి గదిలో మేకులకి ఓవరాల్స్ తగిలించి, మొహం, చేతులు కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, అప్పుడు వంటింటి మెట్లెక్కాలి. సుపీరియర్ సరస్సు మీది గాలికి మోకాళ్ళ లోతు మంచు పడ్డా సరే, ఆ వరస తప్పడానికి వీల్లేదు.

ఎల్డన్ పెళ్ళాం నొరీన్ కాపురానికి వచ్చిన కొత్తలో ఈ తతంగం చూసి నవ్వుకుంది. తర్వాత ఆమే అత్తగారి కన్నా గట్టిగా పట్టుబట్టడం మొదలుపెట్టింది. చర్చిలో మిగతా మెకానిక్కుల భార్యలు తమ ఇళ్ళలో నూనె మరకల గురించి గోలపెడుతుంటే, తెల్లటి తుండు పరిచి మా ఇల్లంతా ఈడ్చుకురండి, మరకుంటే చూపించండి అనేది. నిజమే, ఉండేది కాదు.

ఇది పందొమ్మిది వందల ఎనభై ఏడు నవంబరు నాటి సంగతి. టౌనోతో కలిసి ముప్ఫై ఏళ్ళు గ్యారేజీ నడిపిన ఓన్ని అనే ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. ఎల్డన్‌ని చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు. ఏడాదిగా దగ్గు, ఆయాసం. న్యుమోనియా అన్నారు, మందులిచ్చారు, తగ్గలేదు. ఇప్పుడు ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరిందని రెండుసార్లు సూది గుచ్చి తీశారు. టౌనో మాత్రం స్నేహితుణ్ణి చూడటానికి ఒక్కసారి కూడా వెళ్ళలేదు. అడిగితే ఆస్పత్రి వాసన పడదనేవాడు. గ్రీజు వాసనలో పుట్టి పెరిగినవాడికి ఆస్పత్రి వాసన పడకపోవడమేమిటో ఆయనకే తెలియాలి.

శనివారం పొద్దున నొరీన్ చేసిన యాలకుల రొట్టె పట్టుకుని ఎల్డన్ ఒక్కడే వెళ్ళాడు. మంచం మీద ఓన్నిని చూసి గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది. రెండు చేతుల్తో గేర్‌బాక్సు ఎత్తిన మనిషి, దుప్పటి కింద ఉన్నాడో లేడో తెలియనట్టు అయిపోయాడు.

"మీ నాన్న రాలేదేం రా?" అన్నాడు ఓన్ని. "ఇంకా ఆ ఫోర్డు కిందే పడుకున్నాడా?"

"ఇక్కడికొస్తే నీ పక్క మంచం మీద పడుకోబెడతారని భయం, బాబాయ్."

"పడుకోమను. వాడి గురక ముందు నా దగ్గు ఎంత?" అని నవ్వబోయాడు. ఆ నవ్వు దగ్గులోకి తిరిగింది. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు. ఎల్డన్ ఆయన వీపు మీద చెయ్యివేశాడు. వేళ్ళకి ఒక్కొక్క ఎముకా విడివిడిగా తగిలింది. దగ్గు తెరిపినిచ్చాక ఓన్ని కళ్ళు మూసుకుని, "నీళ్ళలో మునిగిపోతున్నట్టు ఉంటుందిరా, పొడి మంచం మీద పడుకుని," అన్నాడు.

అప్పుడే డాక్టర్ హెస్ వచ్చి ఎల్డన్‌ని బయటి నడవలోకి పిలిచింది. ఆవిడ ఈ ఊరికి కిందటేడే వచ్చింది. ఇక్కడి మనిషి కాదు. ఇక్కడి వాళ్ళు అడగని ప్రశ్నలు అడుగుతుందని పేరు.

"మీరు ఆయనకి ఏమవుతారు?"

"మా నాన్న భాగస్వామి. నాకు బాబాయ్ లాంటివాడు."

ఆవిడ చుట్టూ తిప్పకుండా చెప్పింది. ఊపిరితిత్తి మీది పొరకి పట్టిన క్యాన్సరు. బాగుపడేది కాదు. ఆస్‌బెస్టాస్ అనే రాతినార దుమ్ము పీల్చినవాళ్ళకి వస్తుంది. బ్రేకు లైనింగుల్లో, క్లచ్ ప్లేట్లలో ఉండేది అదే. పీల్చిన ముప్ఫై, నలభై ఏళ్ళకి బయటపడుతుంది.

"మీరూ అదే పని చేస్తారా?" అని అడిగింది.

"పదహారో ఏటి నుంచి. ఇప్పుడు ముప్ఫై ఆరు."

"చక్రం విప్పాక లోపల పేరుకున్న దుమ్ము ఎలా తీస్తారు?"

"ఎయిర్ గొట్టం పెట్టి గాలి ఒక్కసారి కొడతాం. బ్రేకు డ్రమ్ము అద్దంలా అయిపోతుంది," అన్నాడు ఎల్డన్. ఆ మాట అంటుంటేనే ఆ బూడిదరంగు మబ్బు కళ్ళ ముందు లేచింది. శీతకాలంలో షట్టర్లు దించి పనిచేస్తే ఆ మబ్బులో అవతలి మనిషి మొహం కనిపించదు. అందులోనే నిలబడి కాఫీ తాగేవాళ్ళు. ఇంటికెళ్ళే ముందు అదే గొట్టంతో ఒంటి మీది దుమ్ము కొట్టుకునేవాళ్ళు, శుభ్రంగా వెళ్దామని.

ఆవిడ మొహం మారింది. "ఆ బట్టలు ఇంటికి తీసుకెళ్తారా?"

ఇక్కడ మాత్రం ఎల్డన్‌కి గుండెల్లో కాస్త ధైర్యం వచ్చింది. ఇన్ని ప్రశ్నల్లో తను నెగ్గగలిగింది ఇదొక్కటే. "లేదండీ. మా ఇంట్లో పని బట్టలు గడప దాటవు. మా అమ్మ పెట్టిన కట్టుబాటు."

"మరి ఎక్కడ విప్పుతారు?"

"సౌనాలో. బయటి గదిలో మేకులకి తగిలిస్తాం."

"ఆ గదిలోకి ఇంకెవరు వెళ్తారు?"

ఎల్డన్‌కి ఆ మేకుల కింద పేర్చి ఉండే టీ కప్పులు గుర్తొచ్చాయి.

అతని కూతురు ఐలీకి అయిదేళ్ళు. చలికాలంలో పొయ్యి అంటించిన రోజల్లా ఆ గదే దాని లోకం. సౌనా పొయ్యి సెగకి ఇంటికన్నా అదే వెచ్చగా ఉంటుంది. బొమ్మలు, టీ కప్పులు, విరిగిన కుర్చీ, అన్నీ అక్కడే. అంతవరకైతే సరే. అది ఆడే ఆట ఇంకొకటి ఉంది. సౌనాలో ఒంటికి ఆవిరి పట్టాక బర్చి చెట్టు ఆకుల కట్టతో వీపు మీద కొట్టుకుంటారు కదా, ఆ కట్ట తీసుకుని, మేకులకి వేలాడే ఓవరాల్స్‌ని కొడుతుంది. "తాత బట్టలకి మురికి పట్టింది, వాటికి సౌనా చేయిస్తున్నా" అంటుంది. దుమ్ము రాలిందాకా కొడుతుంది. రెండేళ్ళుగా ఆడుతోంది. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ ఆ ఆట చూపించి నవ్వుకున్నారు.

"మిస్టర్ హౌతలా?" అంది డాక్టరు.

"మా పాప వెళ్తుంది," అన్నాడు ఎల్డన్.

ఆవిడ ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టింది. ఊడవకూడదు, దులపకూడదు, తడిపి తీయాలి, ముందు పిల్లని ఆ గదిలోంచి బయటికి తేవాలి అంది. మిగతావి అతని చెవికెక్కలేదు. ఇవాళ శనివారం. శనివారం సౌనా రోజు. మధ్యాహ్నానికల్లా నొరీన్ పొయ్యి అంటిస్తుంది. పొయ్యి అంటించగానే ఐలీ అక్కడికి పరిగెడుతుంది. ఓన్నికి వెళ్ళొస్తానని చెప్పడం కూడా మర్చిపోయి ఎల్డన్ మెట్లు దిగాడు.

ఇంటికి పద్నాలుగు మైళ్ళు. రోడ్డంతా మంచు గడ్డకట్టి ఉంది. రెండేళ్ళు ఇలాగే ఆడింది, ఇంకో పావుగంటకి ఏమవుతుందని బుద్ధి చెబుతోంది. గుండె వినడం లేదు. ఒక్కొక్క కట్ట దెబ్బా లెక్కలోకి వస్తున్నట్టు, ఇవాళ్టి ఒక్క దెబ్బ తప్పిస్తే చాలన్నట్టు కొట్టుకుంటోంది. బ్రేకు తొక్కాల్సి వచ్చిన ప్రతి మలుపులోనూ అతనికి ఆ బూడిదరంగు మబ్బే గుర్తొచ్చింది.

ఇల్లు చేరేసరికి సౌనా గొట్టంలోంచి పొగ వస్తోంది. కారు తలుపు మూయకుండానే పరిగెత్తాడు. తలుపు తోసేసరికి చిన్న కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆ ఎండలో దుమ్ము తేలుతోంది. అందంగానే ఉంది, అదే చెప్పలేనంత భయంగా ఉంది. ఆ వెలుగు మధ్యలో ఎర్ర స్వెట్టరు వేసుకుని ఐలీ, దాని చేతులు మోచేతుల దాకా పైకి మడుచుకుని, తాతగారి నిన్నటి ఓవరాల్స్‌ని కట్టతో బాదుతోంది.

కేకేయబోయి నాలిక కరుచుకున్నాడు. అరిస్తే పిల్ల ఉలిక్కిపడి గట్టిగా ఊపిరి లోపలికి పీలుస్తుంది.

"ఐలీ," అన్నాడు మెల్లగా. "కట్ట కింద పెట్టు తల్లీ. నోరు మూసుకుని నా దగ్గరికి రా."

"ఇంకా అవలేదు నాన్నా. తాత చొక్కాకి వీపు మిగిలింది."

"మాట్లాడకు. ఊపిరి బిగపట్టి రా. ఎవరు ఎక్కువసేపు బిగపడతారో చూద్దాం."

అది బుగ్గలు పూరించుకుని, కళ్ళు పెద్దవి చేసుకుని, పిల్లి అడుగులు వేసుకుంటూ వచ్చింది. ఎల్డన్ దాన్ని ఎత్తుకుని మంచులోకి పరిగెత్తాడు. వంటింటి మెట్ల దగ్గర ఆగి, స్వెట్టరు, లాగు, మేజోళ్ళు, అన్నీ విప్పేశాడు. పిల్ల చలికి కెవ్వుమంది. ఆ కేకకి నొరీన్ బయటికొచ్చింది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? సున్నాకి దిగువన ఉంది చలి. ఇలా ఇవ్వు దాన్ని."

"తీసుకో. తల కడుగు. వెంటనే కడుగు. దువ్వకు, కడుగు." పిల్లని అందించాడు కానీ తను మాత్రం గడప ఇవతలే నిలబడిపోయాడు. ఇప్పుడే దాన్ని గుండెలకి హత్తుకున్న తన కోటు మీద ఏముందో, ఏం లేదో. ఏది మురికి, ఏది శుభ్రం అనేది ఇన్నాళ్ళూ అతనికి కళ్ళు మూసుకుని తెలిసేది. ఇప్పుడు కళ్ళు తెరిచినా తెలియడం లేదు.

ఐలీకి తలంటి, దుప్పట్లో చుట్టి పొయ్యి దగ్గర కూర్చోబెట్టాక, వాకిట్లోనే నిలబడి భార్యకి అంతా చెప్పాడు. నొరీన్ వింటూ వింటూ తలుపు చెక్క పట్టుకుంది. ప్రతి సోమవారం ఆ ఓవరాల్స్ ఉతికేది ఆమే. ఉతికే ముందు సౌనా గుమ్మంలో నిలబడి బాగా దులిపేది. పక్కన నిలబడి ఐలీ చప్పట్లు కొట్టేది.

"నేనే దులిపాను," అంది. "దాని మొహం మీదకే దులిపాను."

"నీకేం తెలుసు? మనకెవరికి తెలుసు?"

"దానికేం కాదు కదా? కాదని చెప్పు."

ఎల్డన్‌కి అబద్ధం చెప్పాలనే ఉంది. సుత్తి, మేకులు తేవడానికి పెరట్లోకి నడిచాడు.

మధ్యాహ్నం టౌనో గ్యారేజీ నుంచి వచ్చేసరికి కొడుకు సౌనా తలుపుకి అడ్డంగా చెక్కలు పెట్టి మేకులు కొడుతున్నాడు. టౌనోకి అరవై ఆరు. కోపం ముక్కు మీదే ఉంటుంది.

"ఒరే, ఏం చేస్తున్నావురా? అది మా నాన్న కట్టిన సౌనా. నేను పుట్టింది అందులో. మా అమ్మ నన్ను కన్నది ఆ గదిలో బల్ల మీద."

"తెలుసు నాన్నా. లోపలికి వెళ్ళకు." ఎల్డన్ సుత్తి దించకుండానే డాక్టరు చెప్పిందంతా చెప్పాడు.

టౌనో నవ్వాడు. "ఓన్ని గాడు రోజుకి రెండు పెట్టెలు సిగరెట్లు తాగేవాడురా. దుమ్మంట, దుమ్ము. నలభై రెండేళ్ళు తిన్నాను ఆ దుమ్ము. గంజిలో వేసుకు తాగినట్టు తాగాను. నాకేమైందట?" అని గుండె మీద చరుచుకున్నాడు. చరుచుకోగానే దగ్గు వచ్చింది. కొడుకు చూస్తున్నాడని దాన్ని ఆపుకోబోయాడు. మొహం ఎర్రబడింది, మెడ నరాలు పొంగాయి, దగ్గు ఆగలేదు. ఎల్డన్ అటు తిరిగి ఇంకో మేకు తీసుకున్నాడు.

"నీ గురించీ కాదు, నా గురించీ కాదు," అన్నాడు. "ఐలీ గురించి."

"ఐలీకేంటి?"

"ఓవరాల్స్‌కి సౌనా చేయిస్తుంది కదా, ఆ ఆట."

టౌనో అక్కడే ఆగిపోయాడు. పిల్లకి మూడేళ్ళప్పుడు, ఏడుపు మాన్పించడానికి, ఆకుల కట్ట దాని చేతికిచ్చి తన చొక్కాని కొట్టించింది ఆయనే. దుమ్ము రేగినకొద్దీ ఇంకా గట్టిగా కొట్టు, ఇంకా గట్టిగా అని ఉసిగొలిపిందీ ఆయనే. కట్టెలు కొట్టే మొద్దు మీద కూర్చుని బూట్లు విప్పాడు. ఓవరాల్స్ గుండీలు తీశాడు. కొడుకు వద్దంటున్నా వినకుండా ఆ చలిలో, పెరటి మధ్యలో ఒంటి మీది పని బట్టలన్నీ విప్పి మంచు మీద పెట్టి, పైన మంచు దోసిళ్ళతో కప్పాడు. లోపలి బనీను, పొడుగు లాగుతో, మేజోళ్ళ కాళ్ళతో ఇంటివైపు నడిచాడు. ఇంకోరోజైతే ఇరుగుపొరుగు ఏడాది పొడుగునా చెప్పుకుని నవ్వేవాళ్ళు. ఆ రోజు ఎల్డన్‌కి తండ్రి వీపు చూస్తుంటే ఏడుపొచ్చింది.

మంగళవారం ఐలీని డాక్టర్ హెస్ దగ్గరికి తీసుకెళ్ళారు. ఛాతీ ఫోటో తీసేటప్పుడు ఊపిరి బిగపట్టమంటే అది ఎల్డన్‌వైపు చూసి, నేనే గెలుస్తా అన్నట్టు బుగ్గలు పూరించింది. ఆ అరగంటలో నొరీన్ చేతిరుమాలు నాలుగు ముక్కలు చేసింది. ఎల్డన్ గోడకి ఆనుకున్నాడు. చర్చిలో కూడా కళ్ళు మూసుకోని మనిషి, ఆ గోడ దగ్గర నిలబడి దేవుణ్ణి బతిమాలాడు.

డాక్టరు ఫిల్ము వెలుతురుకి పెట్టింది. "శుభ్రంగా ఉంది," అంది.

నొరీన్ అక్కడే ఏడ్చేసింది. ఎల్డన్ కుర్చీలో కూలబడ్డాడు. హమ్మయ్య అనుకున్నాడు. ఆ హమ్మయ్య నిమిషం కూడా నిలవలేదు.

"ఇలా అంటున్నందుకు ఏమీ అనుకోవద్దు," అంది ఆవిడ. "ఇప్పుడు ఏ ఫిల్ములోనూ ఏమీ కనిపించదు. లోపలికి వెళ్ళిన పోగులు వెళ్ళినట్టే ఉంటాయి. కడగడానికి లేదు, తీయడానికి లేదు. ఆ పోగులు ఎన్నో, ఎక్కడున్నాయో చెప్పే పరీక్ష లేదు."

"మరి ఎప్పుడు తెలుస్తుంది?" అంది నొరీన్.

"ముప్ఫై ఏళ్ళు. నలభై. చాలామందికి ఎప్పటికీ ఏమీ రాదు. ఐలీకి రాకుండా పోయే అవకాశమే ఎక్కువ. అది మనసులో పెట్టుకోండి. కానీ రెండు పనులు చేయాలి. పెద్దయ్యాక సిగరెట్ ముట్టకూడదు. రెండోది, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఈ సంగతి తనంతట తనే చెప్పాలి. ఎవరూ అడగరు. నలభై ఏళ్ళ ఆడమనిషి దగ్గుతూ వస్తే, చిన్నప్పుడు బ్రేకు దుమ్ములో ఆడుకున్నావా అని ఎవరు అడుగుతారు? ఓన్నిని ఏడాది పాటు న్యుమోనియా అని చూశారు. మెకానిక్కుని పట్టుకుని నువ్వేం పనిచేసేవాడివని ఒక్కళ్ళూ అడగలేదు."

ఇంటికి వచ్చే దారిలో ఎల్డన్ మనసు వయసుల చుట్టూ తిరిగింది. ఐలీకి నలభై అయిదు వచ్చేసరికి తనకి డెబ్భై ఆరు. ఇరవై ఏళ్ళు ఆ మబ్బులో నిలబడ్డ ఛాతీ డెబ్భై ఆరు దాకా లాగుతుందా? నొరీన్ కూడా దులిపింది కదా. కాగితం మీద రాసి పెడితే కాగితం పోతుంది. డాక్టరు ఇంకో ఊరికి బదిలీ అయిపోతుంది. ఆస్పత్రిలో ఫైళ్ళు కొన్నాళ్ళకి పారేస్తారు. పిల్ల పెళ్ళి చేసుకుని పేరు మారి, ఏ ఊళ్ళోనో, ఏ ఎండల దేశంలోనో ఉంటుంది. అప్పటికి దాని ఛాతీలో ఏముందో తెలిసిన మనిషి భూమ్మీద ఎవరూ మిగలకపోవచ్చు. పైగా అది ఒంటరిగా, ఏమీ తెలియకుండా, న్యుమోనియా అనుకుంటూ దగ్గుతూ ఉంటుంది. రోగం కన్నా ఆ తెలియకపోవడమే ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు పొద్దున గంజి తాగుతుంటే కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. "నేనొక మాట చెప్తా, నా వెనకాల అను."

"దాన్ని భయపెట్టకు," అంది నొరీన్, పొయ్యి దగ్గర నుంచి.

"భయపడక్కర్లేదు. గుర్తుంటే చాలు."

రాత్రంతా ఆలోచించి కూర్చుకున్న మాటలు అవి. నా పేరు ఐలీ హౌతలా. చిన్నప్పుడు మా నాన్న బట్టల మీది బ్రేకు దుమ్ము పీల్చాను. అందులో ఆస్‌బెస్టాస్ ఉంది. నా ఊపిరితిత్తులు జాగ్రత్తగా చూడండి.

ఐలీ ఆస్‌బెస్టాస్ దగ్గర తడబడింది. రెండోసారీ తడబడింది. మూడోసారికి విసుగొచ్చి ఒళ్ళోంచి దిగబోయింది. బల్ల అవతల ఇప్పటిదాకా తలెత్తకుండా కాఫీ తాగుతున్న టౌనో కప్పు కింద పెట్టాడు.

"నువ్వు చెప్పే తీరు అలా ఏడ్చిందిరా," అన్నాడు. "ఇటు రావే, బుజ్జీ." మనవరాల్ని మోకాలి మీద ఎక్కించుకుని, చర్చి పాటలు నేర్పినట్టు మోకాలు ఎగరేస్తూ, ఒక్కొక్క మాటకీ ఒక్కొక్క తాళం వేస్తూ చెప్పించాడు. పావుగంటలో అది ఆగకుండా అప్పజెప్పేసింది. నాన్న బట్టల మీది అని ఉన్న చోట మాత్రం ఆయన తాత బట్టల మీది అని మార్చాడు. ఎల్డన్ సరిచేయబోతే, "నోరు మూసుకో, ఇది నా వంతు," అన్నాడు.

"ఎవరికి చెప్పాలి తాతా ఇది?"

"డాక్టర్లకి. ఎక్కడ కనిపిస్తే అక్కడ."

"ఎప్పటిదాకా?"

"నా అంత ముసలిదానివయ్యేదాకా. రోజూ పొద్దున గంజి ముందు ఒకసారి."

అలా ఆ ఇంట్లో పొద్దున గంజికి ముందు చేసే ప్రార్థన తర్వాత ఆ మాటలు చోటు చేసుకున్నాయి. డిసెంబరు మొదట్లో ఓన్ని పోయాడు. సమాధి దగ్గర టౌనో టోపీ తీసి చేతిలో పట్టుకుని, పక్కనున్న కొడుక్కి మాత్రమే వినపడేట్టు, "వాణ్ణి చూడ్డానికి వెళ్తే నన్ను నేను చూసుకోవాల్సి వస్తుందని వెళ్ళలేదురా," అన్నాడు. గ్యారేజీలో ఎయిర్ గొట్టం కోసి పారేశారు. డ్రమ్ములు తడిపి తుడిచారు, తడి గుడ్డల్ని సంచుల్లో కట్టారు, బట్టలు అక్కడే వదిలి, అక్కడే స్నానం చేసి వచ్చారు. అయినా టౌనో చెయ్యి రోజుకి పదిసార్లు గొట్టం ఉండే చోటికి తనంతట తనే వెళ్ళేది. వెళ్ళి, ఖాళీ కొక్కెం తాకి వెనక్కి వచ్చేది.

ఎల్డన్ ఊళ్ళో మిగతా గ్యారేజీలకీ వెళ్ళి చెప్పాడు. హలోనెన్ గ్యారేజీలో అయిదుగురు మెకానిక్కులు అదే దుమ్ము మబ్బులో నిలబడి విన్నారు.

"బ్రేకులకి స్నానం చేయిస్తున్నావటగా," అన్నాడు హలోనెన్. "చంటిపిల్లల పౌడరు కూడా అద్దుతున్నావా?"

అందరూ నవ్వారు. ఒకడు గొట్టం తీసి ఎల్డన్ బూట్ల మీదకి ఒక్క ఊదు ఊదాడు, సరదాకి. ఎల్డన్ ఊపిరి బిగపట్టి వీధిలోకి నడిచాడు. నిన్నటిదాకా వాళ్ళతో పాటు తనూ అలాగే నవ్వేవాడు. కోపం రాలేదు, భయమేసింది. వాళ్ళ ఇళ్ళలోనూ పిల్లలున్నారు.

క్రిస్మస్‌కి ముందు ఆదివారం మధ్యాహ్నం చర్చి కింది హాల్లో పిల్లల కార్యక్రమం. ఏటా ఉండేదే. ప్రతి పిల్లా నాలుగు ముక్కలు కంఠతా పట్టి వేదిక మీద అప్పజెప్పాలి. తప్పితే తల్లికి నామోషీ. ఊరంతా మడత కుర్చీల్లో కిక్కిరిసి కూర్చుంది. ఐలీకి ఇచ్చింది తూర్పు చుక్క గురించి నాలుగు పంక్తులు. నొరీన్ రెండు వారాలు వల్లె వేయించింది.

ఐలీ పేరు పిలిచారు. తెల్ల గౌనులో వేదిక మధ్యకి వచ్చి, జనాన్ని చూసి, నిలబడిపోయింది. టీచరు పక్కనుంచి మొదటి మాట అందించింది. పిల్ల పెదాలు కదిలాయి కానీ మాట రాలేదు. టీచరు మళ్ళీ అందించింది. నొరీన్ కుర్చీలోంచి ముందుకు వంగి పెదాలతో చెబుతోంది. ఐలీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎల్డన్ లేచి వెళ్ళి ఎత్తుకొద్దామనుకున్నాడు.

అప్పుడు అది రెండు చేతులూ కట్టుకుంది. మోకాలు తాళం వేస్తున్నట్టు కొంచెం ఊగింది. హాలు చివరిదాకా వినపడే గొంతుతో మొదలుపెట్టింది.

"నా పేరు ఐలీ హౌతలా. చిన్నప్పుడు మా తాత బట్టల మీది బ్రేకు దుమ్ము పీల్చాను. అందులో ఆస్‌బెస్టాస్ ఉంది. నా ఊపిరితిత్తులు జాగ్రత్తగా చూడండి."

వెనక వరసలో ఎవరో నవ్వబోయి, పక్కవాళ్ళు నవ్వకపోవడంతో ఆగిపోయారు. టౌనో తల వంచుకుని ఉన్నాడు. మూడో వరసలో హలోనెన్ కోడలు, మామ గ్యారేజీలోనే పనిచేసే మొగుడి భుజం మీద నిద్రపోతున్న పిల్లాడిని మెల్లగా తన ఒళ్ళోకి లాక్కుంది. మొగుడు ఆమెవైపు చూశాడు. ఆమె చూడలేదు. ఆ వెనక ఇంకొక తల్లి కొడుకు జుట్టు నిమురుతూ నిమురుతూ, చెయ్యి ఆపి, ఆ అరచేతిని తిప్పి చూసుకుంది.

ఐలీ వేదిక దిగి నేరుగా తండ్రి దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"చుక్క పాట మర్చిపోయాను నాన్నా."

"పర్లేదు తల్లీ. అది మర్చిపోయినా పర్లేదు."

"ఇది మర్చిపోలేదు. చూశావా?"

"చూశాను." ఎల్డన్ దాన్ని ఎత్తుకున్నాడు. తను కోరుకున్నది ఇదే. ఎంత భయం వేసినా, మిగతా అన్నీ పోయినా, ఆ మాటలు మాత్రం దాని నోట్లో మిగిలాయి. ఇక పోవు. అందుకు సంతోషించాలో ఏడవాలో అతనికి తెలియలేదు.

ఐలీ అతని మెడ చుట్టూ చేతులు వేసి, చెవి దగ్గర గుసగుసగా అడిగింది. "ఇంతమందికి ఒకేసారి చెప్పేశాను కదా. ఇంక రోజూ చెప్పక్కర్లేదు కదా?"

ఎల్డన్ హాలంతా చూశాడు. ముసలివాళ్ళు, పడుచువాళ్ళు, ఒళ్ళో పిల్లలు. ఈ మాట వినాల్సిన డాక్టరు వీళ్ళలో లేడు. ఆ డాక్టరు బహుశా ఇంకా పుట్టనైనా పుట్టి ఉండడు.

"చెప్పాలి తల్లీ," అన్నాడు. "రేపు పొద్దున గంజి ముందు మళ్ళీ చెప్దాం."